సీసా మీద ఫ్లోరైడ్ ఊసే లేకపోతే, నీళ్లలో కూడా లేనట్టేనా?

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. ఏడు నెలల పాపకు పాలపొడి కలపడానికి మినరల్ వాటర్ వాడుతున్నారు. మూడు రకాల సీసాలు ముందు పెట్టుకుని చూస్తే ఒకదాని మీద ఫ్లోరైడ్ 0.3 అని ఉంది. రెండోదాని మీద అంకె లేదు, 'ఫ్లోరైడ్ ఉంది' అన్న మాట మాత్రం ఉంది. మూడోదాని మీద ఆ ఊసే లేదు. ఊసు లేనిదే నయమనుకుని నెల రోజులుగా అదే వాడుతున్నారు. ఈలోగా ఒకరేమో ఫ్లోరైడ్ విషమన్నారు, ఇంకొకరేమో అది లేకపోతే పళ్లు పుచ్చిపోతాయన్నారు. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

నీటి పరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం ఫ్లోరైడ్ కొలవడంతోనే గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ మూడు సీసాల్లో నాకు ఏమీ తెలియనిది మీరు వాడుతున్న ఆ మూడోదే. మొదటిదాని సంగతి అంకె చెబుతోంది. రెండోదాంట్లో కనీసం ఎంత ఉంటుందో ఊహించవచ్చు. మూడోదాంట్లో లీటరుకు 0.05 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 1.4 కూడా ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ ఆ లేబుల్ అచ్చం అలాగే ఉండే దేశాలు చాలా ఉన్నాయి. రాయలేదంటే రాయాల్సిన అవసరం వాళ్లకు రాలేదని అర్థం, అంతే.

ఫ్లోరైడ్ ఎవరో నీళ్లలో పోసేదనే అభిప్రాయం చాలామందికి ఉంది. పళ్ల కోసం కొళాయి నీళ్లలో కలిపే దేశాలు ఉన్న మాట నిజమే కానీ, మినరల్ వాటర్‌లో ఉండేది దాదాపు ఎప్పుడూ రాతి నుంచి వచ్చిందే. ఫ్లోరైట్, ఫ్లోరపటైట్, అభ్రకం జాతి ఖనిజాలు ఉన్న రాళ్ల మధ్య నీరు ఏళ్ల తరబడి నిలిస్తే అందులోకి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా దిగుతుంది. ఎంత లోతు నుంచి వస్తే, ఎంత వేడి ఊట అయితే, అంత ఎక్కువ దిగే అవకాశం. వర్షపు నీటిలో, వాగు నీటిలో సాధారణంగా చాలా తక్కువ. 'భూగర్భంలోంచి సహజంగా పైకి వచ్చిన ఊట' అని లేబుల్ మీద గొప్పగా రాసుకునే లక్షణమే ఫ్లోరైడ్‌ను కూడా వెంట తెస్తుంది. సహజం అన్న మాట చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. లేబుల్ మీద ఫ్లోరైడ్ అంకె లేకపోయినా క్యాల్షియం, సోడియం, బైకార్బనేట్ అంకెలు తరచుగా ఉంటాయి. నీటిలో క్యాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి క్యాల్షియం ఫ్లోరైడ్‌గా మారుతుంది. దానికి నీటిలో కరిగే గుణం చాలా తక్కువ కాబట్టి ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు. క్యాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో ఆ అడ్డు ఉండదు. నాలుక మీద కాస్త సోడా ఉప్పు రుచి తగిలే ఊట నీళ్లు ఈ రకమే. లీటరుకు 2, 3, అంతకన్నా ఎక్కువ ఫ్లోరైడ్ కనిపించేది సాధారణంగా ఇలాంటి వాటిలోనే. లేబుల్ మీద సోడియం వందల్లో, క్యాల్షియం పదుల్లో కనిపిస్తే నేను ఆ సీసాను పసిపిల్లల దగ్గరికి రానివ్వను. ఫ్లోరైడ్ సంగతి తేలకపోయినా, అంత సోడియం కూడా పసివాళ్లకు పనికిరాదు. ఇది అనుమానించడానికి పనికొచ్చే గుర్తే కానీ లెక్క తేల్చే సాధనం కాదు. క్యాల్షియం ఎక్కువ ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ 1 లోపే ఉంటుందని హామీ లేదు.

ఇక లేబుల్ నియమాలకు వద్దాం. చిక్కంతా ఇక్కడే ఉంది.

తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఐరోపా సమాఖ్యలో కొళాయి నీటికి గరిష్ఠ పరిమితి కూడా అదే 1.5. కానీ అక్కడ 'సహజ మినరల్ వాటర్' అన్నది చట్టంలో వేరే జాతి. ఆ పేరుతో అమ్మే నీటికి ఫ్లోరైడ్ పరిమితి 5 మిల్లీగ్రాములు, అది కూడా 2003లో ఇచ్చిన ఆదేశం ప్రకారం 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే కొళాయిలోంచి వస్తే తప్పుబట్టే నీరు, సీసాలో మినరల్ వాటర్ పేరుతో వస్తే చట్టబద్ధమే. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. దానికి కారణం ఉంది. ఊట నీటి సహజ గుణాన్ని మార్చకూడదన్నది ఆ చట్టానికి మూలసూత్రం, పైగా ఒకప్పుడు ఇలాంటి నీళ్లను మందులా అప్పుడప్పుడు పుచ్చుకునేవారు తప్ప రోజంతా తాగేవారు కాదు.

ఆ వెసులుబాటుకు బదులుగా పెట్టిందే హెచ్చరిక. 1.5 దాటితే లేబుల్ మీద 'లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంది: శిశువులు, 7 ఏళ్లలోపు పిల్లలు క్రమం తప్పకుండా తాగడానికి తగదు' అనే అర్థం వచ్చే వాక్యం తప్పనిసరి. అసలు అంకె కూడా వేయాలి. 1.5 దాటకపోతే ఆ హెచ్చరిక అక్కర్లేదు. అక్కడ 1 దాటిన నీటికి 'ఫ్లోరైడ్ ఉంది' అని రాసుకునే హక్కు ఉంది కానీ రాసి తీరాలని లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు తయారుచేసే కోడెక్స్ మాత్రం ఇంకాస్త గట్టిగా చెబుతుంది: 1 దాటితే 'ఫ్లోరైడ్ ఉంది' అని పేరు దగ్గరే కనిపించేలా రాయాలి, 1.5 దాటితే శిశువులకు, 7 ఏళ్లలోపు పిల్లలకు తగదని కూడా చేర్చాలి. మీ రెండో సీసా మీద ఉన్న మాటకు మూలం ఈ రెండింట్లో ఏదైనా కావచ్చు. ఎలా చూసినా ఆ నీటిలో 1 మిల్లీగ్రాము దాటి ఉందనే పట్టుకోండి. పిల్లల హెచ్చరిక లేదు కాబట్టి 1.5 లోపు ఉండాలి. అంకె వేయకపోయినా చాలా చెప్పేసింది చూశారా!

అమెరికాలో పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ సీసాలో నింపే నీటికి ఫ్లోరైడ్ విడిగా కలపకపోతే, సహజంగా ఉన్నదానికి పరిమితి 1.4 నుంచి 2.4 వరకు మారుతుంది. ఎందుకు మారుతుందంటే, అమ్మే ప్రాంతంలో ఎండ ఎంత అన్నదాన్ని బట్టి! వేడి ప్రాంతంలో జనం ఎక్కువ నీళ్లు తాగుతారు కాబట్టి అక్కడ పరిమితి తక్కువ. నాకు ఆ నియమం ఇష్టం, ఎందుకంటే లీటరులో ఎంత ఉందన్నది సగం కథే, రోజుకు ఎన్ని లీటర్లు అన్నది మిగతా సగం అని అది ఒప్పుకుంటుంది. కంపెనీ తానే కలిపితే 2022లో వచ్చిన నియమం ప్రకారం 0.7 దాటకూడదు, కలిపినట్టు లేబుల్ మీద చెప్పాలి. కలపకపోతే, సహజంగా ఎంత ఉందో రాయాలన్న నిర్బంధం లేదు. భారత ప్రమాణాల్లో సీసా నీటికి గరిష్ఠంగా 1 మిల్లీగ్రాము. కాబట్టి మీ మూడో సీసా ఏ దేశపు నియమాల కింద నిండిందో లేబుల్ మీద చూస్తే, కనీసం పైహద్దు ఏమిటో తెలుస్తుంది.

లేబుల్ మీద ఇంకో వాక్యం కూడా వెతకండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊట నీటిని, ఫ్లోరైడ్‌ను తన మీదికి లాక్కునే యాక్టివేటెడ్ అల్యూమినా అనే పదార్థం మీదుగా పంపి తగ్గించడానికి ఐరోపాలో 2010 నుంచి నియమావళి ఉంది. అలా చేసినప్పుడు 'అనుమతించిన అధిశోషణ పద్ధతికి లోనైన నీరు' అనే అర్థంలో ఒక ముక్క, ఖనిజాల పట్టిక పక్కనే రాయాలి. చూడటానికి ఏదో రసాయనం కలిపినట్టు అనిపించి చాలామంది ఆ సీసా పక్కన పెట్టేస్తారు. నిజానికి దాని అర్థం, ఎక్కువగా ఉన్న ఫ్లోరైడ్‌ను తీసేశారని. తీసేశాక మిగిలింది ఎంతో పట్టికలోని అంకె చెప్పాలి.

అంకె ఉన్నా చదవడంలో పొరపాట్లు జరుగుతాయి. మా బంధువుల అమ్మాయి ఒకసారి ఓ సీసా ఫోటో పంపి, "ఫ్లోరైడ్ 0.14 మాత్రమే, బాబుకి వాడొచ్చు కదా" అని అడిగింది. పెద్దది చేసి చూస్తే పట్టిక పైన సన్నటి అక్షరాల్లో '100 మిల్లీలీటర్లకు' అని ఉంది. అంటే లీటరుకు 1.4! హెచ్చరిక రాయాల్సిన గీతకు వెంట్రుకవాసి కింద. ఇంకొన్ని చోట్ల మైక్రోగ్రాముల్లో వేస్తారు, 300 అని చూసి గుండె ఆగినంత పనవుతుంది, అది 0.3 మిల్లీగ్రాములే. పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని అని) ఉంటే మాత్రం భయం లేదు, ఇలాంటి నీటికి అది లీటరుకు మిల్లీగ్రాములతో సమానమే. '0.1 కన్నా తక్కువ' అన్న గుర్తు ఉంటే, ఆ ల్యాబ్ పరికరం అంతకన్నా కింద చూడలేదని. ఆచరణలో దాన్ని లేనట్టే లెక్కవేయొచ్చు.

ఆ అంకెను ఎంత నమ్మాలి? కొలత కష్టమేమీ కాదు, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో నిమిషాల్లో తేలుతుంది. కాకపోతే నీటిలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఎలక్ట్రోడ్‌కు కనపడనివ్వవు. వాటి పట్టు విడిపించడానికి ఒక బఫర్ ద్రావణం కలపాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ బఫర్ సగమే పోసి, ఒక శాంపిల్‌కు ఉన్నదానిలో సగం కూడా చూపని రిపోర్టు ఇచ్చాను. మా పెద్దాయన మళ్లీ చేయించకపోతే అది అలాగే పోయేది. మామూలుగా ల్యాబులు ఇలాంటివి పట్టుకుంటాయి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కొలతలో తప్పు కాదు, పాత కొలత. నీళ్లు నింపే ఒక సంస్థ ఏటా శాంపిల్ పంపేది. ఒక సంవత్సరం ఫ్లోరైడ్ అంతకుముందుకన్నా దాదాపు రెట్టింపు వచ్చింది. మేమే తప్పు చేశామనుకుని మూడుసార్లు కొలిచాం. ఆరా తీస్తే, పాత బోరులో నీళ్లు తగ్గి పక్కనే ఇంకా లోతుకు కొత్తది వేశారట. లేబుళ్లు మాత్రం ముందే లక్షల్లో అచ్చువేయించి ఉన్నాయి, వాటి మీద పాత అంకే. చట్టపు పరిమితి దాటలేదు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు. అందుకే పట్టిక కింద పరీక్ష జరిగిన తేదీ ఉందా అని నేను ముందు చూస్తాను. తేదీ వేసేవాళ్ల అంకెను మిగతావాటికన్నా ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు పాప సంగతి.

పెద్దవాళ్లకు నీళ్లు ఆహారంలో ఒక భాగం. పాలపొడి తాగే పసిబిడ్డకు దాదాపు ఆహారమంతా నీళ్లే. అదీ తేడా. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా చాలా తక్కువ, తల్లి తాగే నీటిలో ఎక్కువున్నా పాలలోకి పెద్దగా రాదు. పాలపొడి విషయంలో ఆ రక్షణ లేదు, నీటిలో ఎంత ఉంటే అంతా సీసాలోకి వస్తుంది. మీ పాప రోజుకు 700 మిల్లీలీటర్ల నీటితో కలిపిన పాలు తాగుతోందనుకుందాం. 0.3 ఉన్న నీటితో రోజుకు 0.21 మిల్లీగ్రాములు. 1 ఉన్న నీటితో 0.7. 1.5 ఉన్న నీటితో 1.05. అమెరికా వైద్య సంస్థ లెక్కలో 7 నుంచి 12 నెలల బిడ్డకు రోజుకు పైహద్దు 0.9, ఆరు నెలల్లోపు 0.7. పొడిలో ఉండేది, మీరు పెట్టే మిగతా ఆహారంలోది దీనికి అదనం. మీ రెండో రకం సీసాతో పాప ఆ హద్దుకు చాలా దగ్గరికి వెళ్తుంది, లేదా దాటుతుంది. హెచ్చరిక రాయాల్సిన గీత 1.5 దగ్గర ఉంది కానీ, పాలపొడి మీద ఉన్న బిడ్డకు చిక్కు అంతకుముందే మొదలవుతుందని ఈ లెక్క చూపిస్తుంది. జర్మనీలో సీసా మీద 'శిశు ఆహారం తయారీకి తగినది' అని రాయాలంటే లీటరుకు ఫ్లోరైడ్ 0.7 మిల్లీగ్రాములు దాటకూడదు, సోడియం 20, నైట్రేట్ 10 దాటకూడదు. ఎక్కడున్నా ఆ మూడు అంకెలను కొలమానంగా పెట్టుకోమనే నా సలహా.

హద్దు దాటితే ఏమవుతుందని భయపడుతున్నారు కాబట్టి: ఒక సీసాతో, ఒక నెలతో ఏమీ కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది నెలలు, సంవత్సరాల పాటు రోజూ జరిగే దాని గురించి. చిగురు కింద శాశ్వత దంతాల ఎనామెల్ (పంటి మీది గట్టి పైపొర) తయారవుతున్న వయసులో, అంటే మొదటి ఏడెనిమిదేళ్లలో, ఫ్లోరైడ్ ఎక్కువైతే తర్వాత వచ్చే పళ్ల మీద తెల్లని మచ్చలు, గీతలు పడతాయి. మోతాదు మరీ ఎక్కువైతే గోధుమరంగు మరకలు. పంటి ఫ్లోరోసిస్ అంటే ఇదే. ముందు పళ్లకు మొదటి మూడేళ్లు ముఖ్యం. ఎనామెల్ తయారైపోయాక ఇక ఈ మచ్చలు రావు, అందుకే హెచ్చరికలో 7 ఏళ్లు అని ఉంది. ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ వేరే స్థాయి విషయం. రోజుకు 6 మిల్లీగ్రాములు దాటి ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే ఎముకల మీద ప్రభావం ఉండొచ్చని, 14 దగ్గర అది స్పష్టంగా కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లీటరుకు 5 ఉన్న మినరల్ వాటర్‌నే రోజూ రెండు లీటర్లు తాగే పెద్దమనిషి 10 మిల్లీగ్రాములకు చేరతాడు. పైగా టీ ఎక్కువ తాగేవాడైతే ఇంకా పెరుగుతుంది, తేయాకులో ఫ్లోరైడ్ బాగానే ఉంటుంది. కాబట్టి హెచ్చరికలో పిల్లల పేరే ఉన్నా, అలాంటి నీళ్లను పెద్దవాళ్లు కూడా రోజువారీ నీళ్లుగా పెట్టుకోకపోవడమే నయం. అప్పుడప్పుడు ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు.

మరి ఫ్లోరైడ్ లేకపోతే పళ్లు పుచ్చిపోతాయన్న మాట? అందులో నిజం ఉంది. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది, పిల్లల్లో పుచ్చు తగ్గుతుందన్న అంచనాతోనే, తగ్గింది కూడా. కానీ అది ఎక్కువగా పనిచేసేది పంటి పైపొర మీద, నోట్లో తగిలినప్పుడు. ఆ పని టూత్‌పేస్ట్ చేస్తుంది. పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉంటుంది, నీటిలో 1. మొదటి పన్ను రాగానే బియ్యపు గింజంత పేస్ట్‌తో తోమితే, అదంతా మింగినా 0.1 మిల్లీగ్రామే. పంటికి కావాల్సింది అక్కడ దొరుకుతుంది కాబట్టి పాలపొడి నీటిలో ఫ్లోరైడ్ వెతుక్కోనక్కర్లేదు. పళ్ల కోసమని ఫ్లోరైడ్ చుక్కల మందు ఎవరైనా సూచిస్తే మాత్రం, మీరు వాడే నీటిలో ఎంత ఉందో ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి. ఆ అంకె తెలియకుండా చుక్కలు మొదలుపెట్టకూడదు.

కాచితే పోతుందా అని తర్వాత అడుగుతారు, అందరూ అడుగుతారు. పోదు. నీరు ఆవిరైపోయిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు బొగ్గు ఫిల్టర్‌తోనూ పోదు. ఆర్‌ఓ చాలా భాగం తీసేస్తుంది. పాలపొడి నీటిని క్రిముల కోసం కాచడం వేరే సంగతి, అది మానకండి. గ్యాస్ ఉన్న నీళ్లయినా, లేనివైనా ఫ్లోరైడ్‌లో తేడా ఉండదు.

ఇక చేయాల్సింది. మూడో సీసా మీద ఉన్న చిరునామాకు ఒక్క వాక్యం రాయండి: తాజా పరీక్షలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఆ పరీక్ష ఏ తేదీది. ఆ రిపోర్టు ప్రతి కంపెనీ దగ్గరా ఉంటుంది. పంపేవాళ్లు పంపుతారు. 'అన్ని ప్రమాణాలకు లోబడి ఉంది' అని మాత్రమే జవాబిస్తే నేనైతే ఆ సీసా పాపకు వాడను. ఈలోగా మొదటిది వాడుకోండి. గత నెల గురించి బాధపడకండి, పాపకు ఏ పరీక్షలూ అక్కర్లేదు.

ఒక్కటి మిగిలింది. మొదటి సీసా మీద 0.3 అని ఉందన్నారు, పక్కన ఏముందో రాయలేదు. లీటరుకు అయితే సరే. 100 మిల్లీలీటర్లకు అయితే లీటరుకు 3 అవుతుంది, అప్పుడు అదే లేబుల్ మీద ఎక్కడో పిల్లల హెచ్చరిక ఉండాలి. సీసా తిప్పి ఆ ముక్క చూసి చెప్పండి.